సగం గోడ మావానిది

మోటార్లు కాలితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు గానీ మాట మాత్రం నిజం. ఆళ్ళగడ్డలో శిరివెళ్ల పోయే రోడ్డు పక్కన మా నాయన ఓబులేసుకు మోటారు వైండింగు అంగడి ఉండేది. ముందు గది అంగడి, వెనక గదులు ఇల్లు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి బోరు మోటారు కాలినా ట్రాక్టరు మీద వేసుకొచ్చి మా గడప ముందు దించేవాళ్ళు. నాయన కాలిన రాగితీగ ఊడబీకి, కొత్త తీగ చుట్టి, వార్నీషు పోసి ఆరబెట్టి పంపేవాడు. మా ఇంట్లో అన్నం మెతుకులు కూడా వార్నీషు వాసన వస్తాయని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. వస్తే వచ్చిందిలే, అన్నమైతే ఉంది కదా అనేది మా అమ్మ నాగేశ్వరమ్మ.

అట్లాంటి ఇంట్లో పుట్టి నేను మోటార్లు కాలకుండా చూసే పెట్టె చేశాను. రెండువేల ఎనిమిదిలో, వానలు మొహం చాటేసిన వానాకాలంలో. చేసి గమ్మునుండలేదు. దాన్ని ఎట్లా చేయాలో గోడ మీద రాసి దారినపోయే ప్రతివాడికీ చూపించాను. ఆ వానాకాలం మా ఇంటి మీదికి వచ్చిన తంటా అంతా ఆ గోడ వల్లనే వచ్చింది.

పొలాల కరెంటు అప్పట్లో చెప్పి వచ్చేది కాదు, చెప్పి పోయేదీ కాదు. వచ్చినప్పుడు మూడు ఫేజులూ రావాలి. చాలాసార్లు రెండే వచ్చేవి. మూడు ఫేజుల మోటారు రెండింటి మీద నడిస్తే లోపల వేడెక్కి మాడిపోతుంది. దీనికని నంద్యాలలో ఒక ఏజెన్సీ ఆటో స్టార్టర్ అని ఒక పెట్టె అమ్మేది. మూడు ఫేజులూ వస్తే మోటారును తనే వేస్తుంది, ఒకటి తగ్గితే తనే ఆపుతుంది. ఆ పెట్టెలో ఉన్న చిప్పుకు ప్రోగ్రాం రాసింది మా అన్న మహేంద్ర. నంద్యాల పాలిటెక్నిక్‌లో చదువు కాగానే ఆ ఏజెన్సీలో చేరాడు. పైగా ఏజెన్సీ మోటార్లు కూడా అమ్మేది, గ్యారంటీ కింద తిరిగొచ్చినవన్నీ మా అంగడికే వచ్చేవి. అంటే తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ పని ఇచ్చే చెయ్యి ఒకటే.

నేను కూడా అదే పాలిటెక్నిక్ చదివి ఆ ఎండాకాలంలో బయటపడ్డాను. నంద్యాలలో ఉన్నన్నాళ్ళూ నాకున్న చెడు అలవాటు ఒకటే, ఇంటర్నెట్ సెంటరు. ప్రపంచంలో జనం ఇళ్ళలో కూర్చుని సరదాకు చేసుకునే ఎలక్ట్రానిక్స్ పనులన్నీ అక్కడ చూసేదాన్ని. ఒక దేశంలో ఒకాయన పూలకుండీ ఎండిపోతే నీళ్ళు పోసే పెట్టె చేశాడు. ఇంకో దేశంలో ఒకావిడ తన పిల్లి వస్తే తలుపు తెరుచుకునే పెట్టె చేసింది. చిప్పుకు ప్రోగ్రాం రాసే భాష ఒకరిది అసెంబ్లీ, ఒకరిది బేసిక్, మరొకరు ఇటలీలో మాస్టర్లెవరో పిల్లలకు నేర్పడానికి తయారుచేసిన ఆర్డ్యునో బోర్డు మీద సి లాంటి భాషలో రాసేవాళ్ళు. సంతలో ఎద్దుల పళ్ళు చూసినట్టు వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసేదాన్ని. ఏది చవక, ఏది తేలిక, ఏది చెడిపోతే మనమే బాగుచేసుకోవచ్చు. అన్నిట్లోకీ నాకు ఆర్డ్యునో నచ్చింది. ఎందుకంటే బోర్డు బొమ్మ, ప్రోగ్రాము, అన్నీ వాళ్ళు ఊరికే బయట పెట్టేశారు. చేసుకో, మార్చుకో, కావాలంటే అమ్ముకో, నువ్వు మార్చింది మాత్రం దాచిపెట్టకు అన్నది ఒక్కటే షరతు. పిల్లికి తలుపు తీసేవాళ్ళకే అంత పెద్ద మనసుంటే మనకేం తక్కువ అనిపించింది.

వాళ్ళెవ్వరూ మూడో ఫేజు గురించి మాత్రం రాయలేదు. వాళ్ళ కరెంటు పోదు, రాస్తే ఎందుకు రాస్తారు. మన పెట్టె మనమే చేసుకోవాలని అర్థమైంది. బోర్డు బొమ్మను ప్రింటు తీయించుకున్నాను. హైదరాబాదులో ఉన్న స్నేహితురాలితో కోఠిలో చిప్పు కొనిపించాను. మిగతావన్నీ పాత రేడియోల్లోంచి పీకి అతికించి, అమ్మ వాడకుండా పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో బిగించాను.

ఒక ఆదివారం అన్న ఇంటికి వచ్చి ఆ డబ్బా మూత తీసి చూశాడు. నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఒళ్ళు మండింది.

"అసెంబ్లీ అంటే చిప్పుతో నేరుగా మాట్లాడేది పాపా," అన్నాడు. "నీ భాష మధ్యలో ఇంగొకర్ని పెట్టుకుని మాట్లాడినట్ల. మెల్లగుంటాది, లావుంటాది."

"చిప్పుతో నువ్వు మాట్లాడుతాండావు, సరే. నువ్వు రాసింది ఇంగొకరు చదవగలరా?"

"వేరేవాళ్ళు చదవాల్సిన పనేముంది?"

"పెట్టె కొన్నోడు వేరేవాడే కదన్నా."

అన్న మాట మార్చాడు. బేసిక్ చంటిపిల్లల భాష అనీ, నాది నేర్చుకునే పిల్లల భాష అనీ, పెద్దవాళ్ళయ్యాక అందరూ అసెంబ్లీకే వస్తారనీ ఏదేదో చెప్పుకుంటూ పోయాడు. నేను కూడా వదల్లేదు. నీ భాషలో నువ్వు రాసింది ఆరునెలలు పోయాక నీకే అర్థం కాదు అన్నాను. అమ్మ మధ్యలోకి వచ్చి, మీ ఇద్దరూ ఏ భాషలో కొట్లాడుకున్నా నాకు అర్థం కాదు, తిని కొట్లాడుకోండి అని సంగటి పెట్టింది.

నాయన చెయ్యి కడుక్కునేటప్పుడు నన్ను చూసి, "మోటార్లు కాలకపోతే మనమేం తినాల పాపా?" అన్నాడు.

నాకు జవాబు సిద్ధంగానే ఉంది. "ఏదో ఒకటి తిందాం నాయనా. నువ్వు కాలిన మోటారును చూస్తావు. మోసుకొచ్చిన ఆయప్ప మొహం చూడవు."

తండ్రితో అనాల్సిన మాట కాదు అది. అయినా అన్నాను, ఈ రోజు అడిగినా అదే అంటాను. నాయన మొహం ముడుచుకుని అంగట్లోకి పోయాడు.

మొదటి పెట్టె శిరివెళ్ల పక్క పల్లెలో సుబ్బరాయుడు బోరుకు పెట్టాను. ఆయన నాయనకు పాత బేరం, నేను పెద్దనాయనా అని పిలుస్తాను. మడిలో నారు పసుపు తిరుగుతోంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక ఆయన తిండీ నిద్రా బోరు దగ్గరే. టెస్టరు పట్టుకుని స్టార్టరు పెట్టె తెరిచి చూశాను. తీగలు పద్ధతిగా ఉన్నాయి, అనుమానించడానికి ఏమీ కనపడలేదు. గడ్డివామి వైపు తీగ ఒకటి పడేసి ఉంటే తీసుకోబోయాను. ఆ పక్కకు పోవద్దు పాపా, పాముండాది అని పెద్దనాయన గట్టిగా అరిచాడు. పాముంటే నాకెందుకని వెనక్కి వచ్చేశాను. కరెంటు రాగానే నా డబ్బా టక్కుమని మోటారు వేసింది. నీళ్ళు కాలవలో పడగానే పెద్దనాయన మంచం మీద వాలి, ఇంక నేను నిద్రపోవచ్చునా అని అడిగాడు. హాయిగా పడుకో అన్నాను.

ఆ వారంలోనే మనుషులు రావడం మొదలైంది. ఎట్ల చేసినావు, ఏం కావాలి, మా ఊళ్ళో టీవీలు బాగుచేసే వాడున్నాడు, వానికి చెప్తావా అని. వచ్చిన ప్రతివాడికీ కాగితం తీసిచ్చే స్తోమత నాకు లేదు. అంగడి పక్కగోడ ఖాళీగా ఉంది. బ్రష్షు తీసుకుని దాని మీద బోర్డు బొమ్మ వేశాను. పక్కన ప్రోగ్రామంతా రాశాను, ఏ వరుస ఏం చేస్తుందో దాని ఎదురుగా తెలుగులో రాశాను. శిరివెళ్లలో టీవీలు రిపేరు చేసే యాకోబు సైకిలు దిగి, గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంతా కాగితం మీదికి ఎక్కించుకుపోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు తను చేసిన పెట్టె చూపించాడు. నాదానికంటే వాడిదే అందంగా ఉంది. కొంచెం అసూయ కలిగింది, ఎక్కువ సంతోషం కలిగింది.

ఆ సంతోషం మొహరం పీర్లు ఎత్తినంత ఆర్భాటంగా లేకపోయినా నా లోపల మాత్రం మోగుతూ ఉండగానే, ఒక పొద్దున సుబ్బరాయుడు పెద్దనాయన ట్రాక్టరు మా గడప ముందు ఆగింది. ట్రాక్టరులో ఆయన మోటారు ఉంది. దాని పక్కన నా డబ్బా ఉంది.

"మంచిదానివని నమ్మితే మోటారు కాల్చి పెట్టినావు కదమ్మయ్యా," అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. రోడ్డు మీద టీ తాగేవాళ్ళందరూ ఇటు తిరిగారు.

నాయన ఎవర్నీ చూడకుండా మోటారు విప్పడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి అది. ఎవరేం చెప్పినా వినడు, విప్పి చూసి తీగనే అడుగుతాడు. ఆయనకు ఈ పని ఎవరూ నేర్పలేదు. వైండింగు చేసేవాళ్ళు ఒకరి లెక్క ఒకరికి చెప్పరు. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ అన్నది ఎవరి కడుపులో వాళ్ళు పెట్టుకుంటారు. నాయన కుర్రతనంలో ఇంకొకరు చుట్టి కాలిపోయిన మోటార్లు తెచ్చుకుని, ఒక్కో చుట్టూ విప్పుకుంటూ పని నేర్చుకున్నాడు. తనను ఎవరైనా గురువెవరని అడిగితే, కాలిన మోటార్లే అని నవ్వేవాడు.

విప్పాక నన్ను పిలిచాడు. "చూడు. రెండు ఫేజుల కాయిళ్ళు బొగ్గయినాయి. మూడోది పచ్చిగానే ఉండాది. రెండింటి మీదనే నడిచినాది." తర్వాత మెల్లగా తలెత్తి పెద్దనాయన వైపు చూశాడు. "కండెన్సరు యాడ పెట్టినావు సుబ్బరాయుడన్నా?"

పెద్దనాయన కండువా సర్దుకున్నాడు. అలవాటుగా ఎద్దుల కోసం చూశాడు, ఎద్దులు లేవు, ట్రాక్టరును చూశాడు. "గడ్డివామిలో," అన్నాడు.

కండెన్సరు సంగతి మా తట్టు తెలియని రైతు లేడు. రెండు ఫేజులే వచ్చినప్పుడు ఒక కండెన్సరు తగిలిస్తే ఉత్తుత్తి మూడో ఫేజు ఒకటి పుడుతుంది. మోటారు మూలుగుతూ నడుస్తుంది. మనిషి పక్కన నిలబడి, ధార సన్నబడగానే ఆపేసుకుంటే నాలుగు మళ్ళు తడుస్తాయి. కరెంటు వాళ్ళు దాన్ని ఒప్పుకోరు. అందుకని బోరు దగ్గరికి ఎవరైనా వస్తున్నారంటే ముందు కండెన్సరు ఊడబీకి ఎక్కడో ఒక చోట దాచేస్తారు, వచ్చినవాళ్ళు పోయాక మళ్ళీ తగిలిస్తారు. అది ఊరి మర్యాద లాంటిది, ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు.

"నేనేమన్నా లైన్‌మెన్‌నా పెద్దనాయనా?" అన్నాను. నాకు కోపం వచ్చింది.

"టెస్టరు పట్టుకొని వచ్చినావు కదమ్మయ్యా. టెస్టరు పట్టుకొని ఎవరొచ్చినా తీసేస్తాం. చెయ్యికి అలవాటైపోయినాది."

నాకు కోపం దిగిపోయి నవ్వొచ్చింది. నవ్వి ఏడ్చాను కూడా. నా డబ్బా దొంగ ఫేజును చూసి నిజమేననుకుని మోటారు వేసింది. మనిషి నిద్రపోతున్నాడు, నేనే కదా హాయిగా పడుకోమన్నది. పక్కన మనిషి లేని కండెన్సరు మోటారును మాడ్చేసింది. ఏజెన్సీ పెట్టెలున్న చోట కూడా మోటార్లు ఇట్లాగే కాలుతున్నాయని అప్పుడు అర్థమైంది. ఏజెన్సీ మాత్రం రైతు పెట్టెకు వేసిన సీలు కదిలించాడని రాసుకుని చేతులు దులుపుకుంటోంది.

కండెన్సరు వాడొద్దని రైతుకు చెప్పడం ఎవరికైనా వస్తుంది. ఎండే మడి ముందు నిలబడి చెప్పమనండి. పెట్టెకే దొంగను గుర్తుపట్టడం నేర్పాలని నేను మొండికేశాను. అమ్మకు దాన్ని ఇట్లా చెప్పాను. "ఒకే రోట్లో ముగ్గురు ఆడవాళ్ళు దంచుతాండారనుకోమ్మా. ఒకరి రోకలి తర్వాత ఇంగొకరిది, సమానంగా పడతాది. నిజం ఫేజులు అట్ల వస్తాయి. కండెన్సరు పుట్టించిన మూడోది వరస తప్పి పడతాది." అమ్మ వెంటనే, అయితే రోకటి చప్పుడు వింటే సరిపోతుంది కదా అంది. సరిగ్గా అదే. బలం ఎంతుందో చూడడం కాదు, వరస వినాలి.

అన్నకు ఫోను చేసి అడిగాను. అంత సన్నటి కాలం కొలవడం అసెంబ్లీలోనే అవుతుంది, నీ పిల్లల భాషలో కాదు, వదిలెయ్ అన్నాడు. వదిలెయ్ అన్న మాట మా ఇంట్లో నాకు ఎవరూ చెప్పకూడదు. సుబ్బరాయుడు పెద్దనాయన బోరు దగ్గరికి పోయి, గడ్డివామిలోంచి కండెన్సరు తీయించి, ఎండలో అందరికీ కనపడేట్టు తగిలించమన్నాను. వరస కొలిచాను. నా పిల్లల భాష కొలిచింది. దొంగ ఫేజు దొరికిపోయింది. నాలుగైదు వరుసల పని. కండెన్సరు ఉన్నప్పుడు పెట్టె తనంతట తాను మోటారు వేయదు, మనిషి వచ్చి మీట నొక్కితేనే వేస్తుంది. అంతే.

ఆ వరుసలు గోడ మీద కలిపి రాశాను. సాయంత్రానికి యాకోబు వచ్చి ఎక్కించుకున్నాడు, తెల్లారేసరికి వాళ్ళ తట్టు పెట్టెలన్నీ మార్చేశాడు. ఏజెన్సీ సీలు పెట్టెలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

తర్వాతి ఆదివారం పాణ్యం తట్టు నుంచి ఒక రైతు కాలిన మోటారుతో పాటు ఏజెన్సీ పెట్టెను కూడా తెచ్చి, దీని తప్పో నా తప్పో నువ్వే చూసి చెప్పన్నా అని నాయన ముందు పెట్టిపోయాడు. నాయన మోటారును పక్కకు జరిపి పెట్టెనే ముందు తీసుకున్నాడు. మూత ఊడదీశాడు. లోపలంతా నల్లటి లక్క లాంటి ముద్ద పోసి గట్టిపరిచి ఉంది. ఉలి పెట్టి కొట్టాడు. ముద్దతో పాటు లోపలి చిప్పు కూడా ముక్కలైంది. ఒక ముక్కను వెలుతురులో పెట్టి చూశాడు. చిప్పు మీద నంబరు కూడా గీకేసి ఉంది.

అన్న అక్కడే ఉన్నాడు. నాయన అడిగాడు. "దీంట్లో ఏముండాదిరా?"

"చెప్పగూడదు నాయనా. సంతకం పెట్టినా."

"నువ్వే కదా చేసింది."

"నేనే చేసినా. చెప్పగూడదు."

నాయన ఉలిని దాని చోట పెట్టాడు. నల్ల ముక్కలను ఒక పాత పేపర్లోకి ఊడ్చి పొట్లం కట్టాడు. "కాలిన మోటారు గూడా విప్పితే నోరు తెరుస్తాది," అని మాత్రం అన్నాడు. ఆ రోజు అన్న అన్నం సరిగ్గా తినలేదు. నాకు అన్న మీద జాలి వేసింది, జాలి కంటే ఎక్కువ కోపం వచ్చింది.

శ్రావణం చివర్లో ఏజెన్సీ ఆయన కారులో వచ్చాడు. అన్నను కూడా వెంట తెచ్చుకున్నాడు. కొత్త రకం పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, కండెన్సరును పసిగట్టే పెట్టె జిల్లాలో మా దగ్గర తప్ప ఎక్కడా లేదు అన్నాడు. నేను అన్న వైపు చూశాను. అన్న నేల చూపులు చూశాడు. నా గోడ మీది వరుసలే అవి, అసెంబ్లీలోకి మారాయి, అంతే.

తీసుకున్నందుకు నాకు బాధ లేదు. అదే మాట ఆయనతో చెప్పాను. గోడ మీద రాసిందే తీసుకోవడానికి. నేను కూడా ఇంకొకరి దగ్గర తీసుకున్నదే. ఆయన నవ్వి, అయితే మంచిదమ్మా, తీసుకోవడం అయిపోయింది కాబట్టి గోడకు సున్నం కొట్టించండి అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఆయనకు నా పెట్టె అక్కర్లేదు, నా ప్రోగ్రాము అక్కర్లేదు. అది ఇంకెవరికీ కనపడకుండా పోతే చాలు.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. గోడ తెల్లబడితే గ్యారంటీ మోటార్లు ఎప్పటిలాగే మా అంగడికే వస్తాయట, మహేంద్రను కర్నూలు బ్రాంచికి పెద్దగా పంపుతారట. లేకపోతే వైండింగు చేసేవాళ్ళు నంద్యాలలో కూడా ఉన్నారట, ప్రోగ్రాములు రాసేవాళ్ళు కూడా ఉన్నారట.

"తుడవను సార్," అన్నాను. "రాసుకొని పొండి. మీరు చేసినదాంట్లో మంచిదేమన్నా ఉంటే మీరూ వచ్చి రాయండి. తుడిచేది మాత్రం కుదరదు."

ఆయన నాతో మాట్లాడడం మానేసి నాయన వైపు తిరిగాడు. ఇంటి పెద్ద మీరు కదా అన్నాడు. నాయన చేతిలోని తీగను చివరిదాకా చుట్టి, ముడేసి, ఆలోచిస్తాంలే సార్ అన్నాడు. కారు పోయింది. అన్న కారులో వెనక సీటులో కూర్చుని వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. ఆ రోజంతా నాయన నాతో ఆ ఊసెత్తలేదు. అమ్మ మాత్రం, నీ అన్న ఉద్యోగం నీ గోడ మీద వేలాడుతోంది, ఒకసారి ఆలోచించుకో అంది. ఆలోచించాను. ఎటు నుంచి ఆలోచించినా తుడవడం దగ్గరికి చేరలేకపోయాను. నాయన తుడిచేస్తే ఏం చేయాలో మాత్రం నిశ్చయించుకున్నాను. నా సామాను తీసుకుని శిరివెళ్లలో యాకోబు అంగట్లో కూర్చుంటాను.

పొద్దున లేచేసరికి తడి సున్నం వాసన. అంగడి ముందు బకెట్టు, నిచ్చెన. పరిగెత్తుకుంటూ పక్కగోడ దగ్గరికి పోయాను. నా రాతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నాయన ఇటు లేడు. రోడ్డు వైపు ఉన్న మా ఇంటి పొడుగు గోడకు, శిరివెళ్ల బస్సుల్లో పోయేవాళ్ళకు కూడా కనపడే గోడకు, సున్నం కొడుతున్నాడు.

"ఏందిది నాయనా?"

"పక్కసందులో ఉంటే ఎవరికి కనపడతాది," అన్నాడు నిచ్చెన దిగకుండానే. "ఆరినాక ఈడ రాయి. అక్షరాలు పెద్దవిగా ఉండాల."

సున్నం ఆరాక నీలం పూసిన దారం పట్టుకుని గోడ సరిగ్గా సగానికి ఒక గీత కొట్టాడు. గీతకు ఇవతల నీది అన్నాడు. మిగతా సగం ఎందుకని అడిగితే, మహేంద్రది అన్నాడు.

ఆ వారం నుంచే గ్యారంటీ మోటార్లు రావడం ఆగిపోయింది. అంగట్లో సగం పని పోయింది. నా పెట్టెలు, యాకోబు పెట్టెలు పెరిగినకొద్దీ మిగిలిన సగమూ సన్నబడింది. సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళూ, పార్టీవాళ్ళూ ఆ ఖాళీ సగాన్ని చూసి జిగురు బకెట్టు దించేవాళ్ళు. నాయన లోపల్నుంచే కేకేసేవాడు. "అది మావానిది. సగం గోడ మావానిది. ఇంగో చోట చూసుకో." పార్టీవాళ్ళు ఏదో ఇస్తామన్నా ఒప్పుకోలేదు. గోడ సగం నిండుగా, సగం తెల్లగా అట్లాగే ఉండిపోయింది. ఊళ్ళో కొందరు ఓబులేసుకు పిచ్చి పట్టిందన్నారు. ఆశ్చర్యమేమంటే, పట్టనీ అంది మా అమ్మ.

దసరా ముందు అన్న నంద్యాల బస్సు దిగాడు. చేతిలో బట్టల సంచి, చంకలో దిండు. గడపలో నిలబడ్డాడు. నాయన తల ఎత్తకుండా తీగ చుడుతూనే ఉన్నాడు.

"అన్నం తిన్యావా?"

"పని ఇడిసిపెట్టినా నాయనా."

"అది అడగల్యా. అన్నం తిన్యావా అని."

తిన్న తర్వాత అన్న బయటికి పోయి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఈ సగం ఎందుకు ఖాళీగా పెట్టినారని నన్నడిగాడు. చెప్పాను. పోస్టర్లవాళ్ళను నాయన తరిమిన సంగతి కూడా చెప్పాను. అన్న కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. నేను కూడా దుమ్మేనన్నాను.

"బ్రష్షు యాడుండాది?" అన్నాడు. "వాళ్ళది రాయను. వాళ్ళకిచ్చిన సంతకం వాళ్ళ దగ్గరే ఉండనీ. నీ వరస లెక్క తీసుకొని, మొదట్నించి కొత్తగా రాస్తా. పాత చిప్పులుండేవాళ్ళు చానామంది ఉండారు. వాళ్ళకు అసెంబ్లీనే పనికొస్తాది."

పొద్దు వాలేదాకా రాశాడు. నా భాషలో జానెడు చోటులో అయిపోయిన వరస లెక్క, తన భాషలో పైనుంచి కిందిదాకా వచ్చింది. చిప్పుతో నేరుగా మాట్లాడితే ఇంత మాట్లాడాలా అన్నాను. మెల్లగా మాట్లాడే నీకేం తెలుసు అన్నాడు. ప్రతి వరుస ఎదురుగా తెలుగులో రాస్తేనే ఒప్పుకుంటానని నేను పట్టుబట్టాను. గొణుక్కుంటూనే రాశాడు. నా జన్మలో అన్న నా మాట విన్నది అదే మొదలు.

నాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి నీలం గీత దగ్గర నిలబడ్డాడు. ఆ రెండు భాషల్లో ఒక్క అక్షరం ఆయనకు రాదు. ఇవతలి సగం చూశాడు, అవతలి సగం చూశాడు.

"రెండూ ఒకటే చెప్తాండాయా?"

"ఒకటే నాయనా," అన్నాడు అన్న. "మూడో ఫేజు దొంగదైతే మోటారు ఎయ్యొద్దు అని."

నాయన కాసేపు ఆ మాటను నోట్లో తిప్పుకున్నాడు. "ఇంత మాటకా వాళ్ళు నీతో సంతకం పెట్టించుకున్న్యారు," అని, సున్నం బకెట్టు కడగడానికి పెరట్లోకి పోయాడు.